సబ్బుబిళ్ళకు బిట్‌కాయిన్ చెల్లుతుందా?

పూర్వ విద్యార్థులం ఎప్పుడు హాస్టల్‌కు వచ్చినా తమ్ముళ్ళు చుట్టూ చేరి అడిగే ప్రశ్నలు రెండే రకాలు. ఒకటి ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి. రెండోది, ఈ కొన్నేళ్ళుగా, క్రిప్టో కరెన్సీ గురించి. "అన్నా, బిట్‌కాయిన్ అంటే ఏంది? దాంతోని నిజంగ సామాన్లు కొనొచ్చా? మా ఊర్ల ఒకాయన కాయిన్ల స్కీముల చేరుమంటున్నడు, చేరాల్నా?" అని. మాలో కొందరం నల్లగొండ వాళ్ళం, కొందరం పాలమూరు వాళ్ళం. అందరం కూర్చుని తెలుసుకున్నది ఈ వార్షికోత్సవ సంచిక కోసం రాసి ఇస్తున్నాము.

మన దగ్గర రోజువారీ కొనుగోలు అంటే సబ్బుబిళ్ళ, కొబ్బరినూనె సీసా, పెన్ను రీఫిల్లు, జిరాక్సు కాగితాలు, పండుగకు ఊరికి పోయే బస్సు టికెట్టు. 2024 నవంబరులో ప్రభుత్వం డైట్ ఛార్జీలు పెంచినప్పుడు 8 నుంచి 10వ తరగతి వరకు చదివేవారికి నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది. అంటే రోజుకు సుమారు 51 రూపాయలు. ఈ లెక్కల మధ్య పెరిగినవాళ్ళం కనుక కొత్త రకం డబ్బు ఏది వచ్చినా ముందు అడగవలసినవి మాకు మూడే తోస్తాయి. కొట్టాయన దీన్ని తీసుకుంటాడా? నిన్న తీసుకున్న విలువకే ఇవ్వాళ కూడా తీసుకుంటాడా? తేడా వస్తే ఎవరిని పోయి అడగాలి?

తాతల నాటి రెండు రూపాయలు

ఒకే బజారులో రెండు రకాల డబ్బు నడవడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. నిజాం పాలనలో హైదరాబాదు రాజ్యానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. వెండి రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉండేది. 1918 నుంచి కాగితపు నోట్లు కూడా వచ్చాయి. సరిహద్దు దాటితే మాత్రం బ్రిటిషు ఇండియా రూపాయి. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు కల్దార్. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. ఖజానా లెక్కలో చెప్పాలంటే 100 కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు.

నల్లగొండ, పాలమూరు మెట్ట భూముల్లో ఆముదాలు పండించి అమ్ముకున్న రైతు చేతికి వచ్చేది హాలీ. కృష్ణ దాటి గుంటూరు వైపో, తుంగభద్ర దాటి కర్నూలుకో పోయి ఏమైనా కొనాలంటే కల్దార్ కావాలి. మధ్యలో మార్చి ఇచ్చే సాహుకారు ఉంటాడు. మార్చినందుకు తన వంతు తాను తీసుకుంటాడు. ఏడుకు ఆరు అనే లెక్క అందరికీ తెలిసినా, చదువురాని మనిషి చేతిలో పడేటప్పటికి అది ఆరుకు తక్కువే అయ్యేది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, 1950లో రాజ్యాంగం వచ్చిన తర్వాత కూడా హాలీ సిక్కా ఒక్కసారిగా పోలేదు. 1951 నుంచి కొత్తవి రావడం ఆగిపోయినా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. ఆ సిక్కా వ్యవహారాలు చూడడానికి 1941 చట్టంతో పుట్టిన హైదరాబాదు స్టేట్ బ్యాంకే తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. మాలో చాలామంది స్కాలర్‌షిప్పు ఖాతాలు తెరిచింది అందులోనే. 2017 ఏప్రిల్ 1న అదీ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకుండా ఉండలేము. మన తాతల్లో చాలామందికి ఈ రెండు రూపాయల్లో ఏదీ చేతికి రాలేదు. భగేలా కింద దొర దగ్గర జీతం ఉన్నవాళ్ళకు ముట్టింది కొలిచి పోసిన జొన్నలే. కుంచం దొరది, కొలిచే చెయ్యి దొర మనిషిది, చిట్టా రాసేది పట్వారి. అప్పు ఎంత తీరిందో, ఇంకెంత మిగిలిందో ఆ చిట్టా చెప్పిందే మాట. కాబట్టి "ఎవరి చేతిలోనూ లేని డబ్బు, అందరికీ కనిపించే చిట్టా" అని ఎవరైనా అంటే మనం నవ్వి కొట్టిపారేయలేము. బిట్‌కాయిన్ చెప్పేది సరిగ్గా ఆ మాటే.

అందరి ముందూ చదివే చిట్టా

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక తొమ్మిది పేజీల పత్రం బయటపెట్టారు. ఆ మనిషి ఎవరో ఈనాటికీ తేలలేదు. 2009 జనవరిలో బిట్‌కాయిన్ నడవడం మొదలైంది. దీన్ని ఇట్లా ఊహించుకోండి. ఊరిలో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో రాసే చిట్టా పట్వారి ఇంట్లో కాకుండా ప్రతి ఇంట్లోనూ ఒక్కో ప్రతి ఉంది. సుమారు పది నిమిషాలకు ఒక కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీని చేర్చే హక్కు కోసం ప్రపంచమంతటా కంప్యూటర్లు పోటీపడి ఒక కఠినమైన లెక్క చేస్తాయి. గెలిచినవాళ్ళకు కొత్త నాణేలు బహుమానం. మొదట్లో పేజీకి 50 ఇచ్చేవారు. నాలుగేళ్ళకోసారి సగం అవుతూ 2024 ఏప్రిల్‌లో అది 3.125కు దిగింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవు. ఒక బిట్‌కాయిన్‌ను పది కోట్ల ముక్కలు చేయవచ్చు కనుక చిల్లర సమస్య లేదు. పాత పేజీలో ఒక అంకె దిద్దాలంటే అన్ని ఇళ్ళలోని చిట్టాలూ తిరగరాయాలి. అది అయ్యే పని కాదు. ఇంతవరకు ఆలోచన గొప్పదే.

కొనుగోలు దగ్గరికి వద్దాం. బిట్‌కాయిన్‌తో జరిగిన మొదటి ప్రసిద్ధ కొనుగోలు 2010 మే 22 నాటిది. అమెరికాలోని ఫ్లోరిడాలో లాస్లో హన్యెచ్ అనే ప్రోగ్రామర్ 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. అప్పుడు వాటి విలువ సుమారు 41 డాలర్లు. ఈ కథ చెప్పేవాళ్ళంతా ఆ పదివేల నాణేలు ఇప్పుడుంటే ఎన్ని కోట్లయ్యేవో లెక్క వేస్తారు గాని, మాకు ముఖ్యమనిపించింది వేరొకటి. పిజ్జా కొట్టువాడు బిట్‌కాయిన్ తీసుకోలేదు. మధ్యలో ఇంకొక కుర్రవాడు నాణేలు తాను తీసుకుని, కొట్టుకు డాలర్లు కట్టి పిజ్జాలు పంపించాడు. అచ్చం మన సాహుకారు హాలీ తీసుకుని కల్దార్ ఇచ్చినట్టే. ఇప్పటికీ క్రిప్టో కార్డులు గీకినచోట ఎక్కువగా జరిగేది అదే. మన చేతి నుంచి పోయేది నాణెం, దుకాణదారు ఖాతాలో పడేది మామూలు డబ్బు. నడుమ మార్చే కంపెనీకి దాని రుసుము దానికి ఉంటుంది.

నేరుగా నాణెంతోనే ఇచ్చిపుచ్చుకుందామంటే వేగం ఒక చిక్కు. బిట్‌కాయిన్ అసలు చిట్టాలో సెకనుకు సుమారు ఏడు లావాదేవీలకు మించి పట్టవు. నెలంతా ఆగకుండా రాసినా రెండు కోట్లు దాటవు. 2016లో మొదలైన మన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా చెల్లింపులు జరిగాయి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మిర్చిబజ్జీల బండికి కూడా ఆ చతురపు గళ్ళ బొమ్మ అతికించి ఉంటుంది. బిట్‌కాయిన్ చిట్టాలో రద్దీ పెరిగితే రుసుము కూడా పెరుగుతుంది. 2017 డిసెంబరులో ఒక్క లావాదేవీకి సగటు రుసుము 50 డాలర్లు దాటింది. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే సంస్థ ఆ నెలలోనే బిట్‌కాయిన్ తీసుకోవడం మానేసింది. ఈ చిక్కు తీర్చడానికి లైట్నింగ్ అనే పక్కదారి ఒకటి వేశారు. అందులో చిన్న చెల్లింపులు క్షణాల్లో, తక్కువ ఖర్చుతో పోతాయి. అది నిజమే. కాని అవతల తీసుకునేవాడు కూడా ఆ దారిలోనే ఉండాలి కదా.

అంతకన్నా పెద్ద చిక్కు విలువ. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ సుమారు 69,000 డాలర్లు. సరిగ్గా ఏడాదికి 16,000 డాలర్ల కిందికి దిగింది. అంటే 69 సబ్బులు కొనగలిగిన డబ్బుతో మరుసటి ఏడు 16 సబ్బులు కూడా రావు. తర్వాత మళ్ళీ పెరిగింది, ఇంకా ఎత్తుకు పోయింది. కాని పెరుగుతుందని తెలిసినవాడు దాన్ని సబ్బుకు ఎందుకు ఇస్తాడు? తగ్గుతుందని తెలిసిన కొట్టాయన ఎందుకు తీసుకుంటాడు? హాలీకి, కల్దార్‌కు మధ్య రేటు దాదాపు కదలకుండా ఉన్నప్పుడే మన తాతలకు అంత నష్టం జరిగింది.

మన దేశంలో చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు సేవలు అందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. కాబట్టి ఉంచుకోవడం నేరం కాదు. అలాగని అది చట్టబద్ధమైన ద్రవ్యమూ కాదు. కొట్టాయన తీసుకోనంటే మనం చేయగలిగింది లేదు. 2022 బడ్జెట్‌లో దీని లాభం మీద 30 శాతం పన్ను వేశారు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకొకదాని లాభంలో తీసివేయనివ్వరు. నాణెం ఇచ్చి వస్తువు కొన్నా అది అమ్మినట్టే లెక్క. అంటే కొన్న ప్రతి సబ్బుకూ, మనం నాణెం సంపాదించిన రోజు ధర ఎంత, ఇచ్చిన రోజు ధర ఎంత అని రాసిపెట్టుకోవాలి. మా మెస్ కమిటీ లెక్కల పుస్తకమే ఎన్నడూ కుదిరేది కాదు, ఇదెట్లా కుదురుతుంది!

ఇక మూడో ప్రశ్న. యూపీఐలో మోసం జరిగితే బ్యాంకు ఉంది, 1930 నంబరు ఉంది. డబ్బు తప్పక తిరిగి వస్తుందని కాదు, అడగడానికి ఒక గడప ఉంది. బిట్‌కాయిన్‌లో తాళంచెవి మన చేతిలోనే ఉంటుంది. పన్నెండో, ఇరవై నాలుగో మాటల రూపంలో ఉండే ఆ రహస్యం పోగొట్టుకుంటే డబ్బు పోయినట్టే. ఇంకొకరు చూస్తే వాళ్ళదైపోయినట్టే. తాళంచెవి కంపెనీ దగ్గర ఉంచుదామంటే, 2024 జూలైలో మన దేశపు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలు దోచుకుపోయారు. ఖాతాదారులు నెలల తరబడి తమ డబ్బు తీసుకోలేకపోయారు.

పాలమూరు లేబరు, సాల్వడోరు లేబరు

ఒక దేశం దేశమే దీన్ని ప్రయత్నించి చూసింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్. అక్కడి కథ మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఆ దేశపు జనం పెద్ద సంఖ్యలో అమెరికాకు వలసపోయి, ఇంటికి పంపే డబ్బు మీద కుటుంబాలను నడుపుతారు. మన పాలమూరు లేబరు బొంబాయి, పూణే పోయినట్టు, దేవరకొండ తండాల వాళ్ళు హైదరాబాదు అడ్డాల మీద నిలబడినట్టు. మనవాళ్ళు మేస్త్రీ చేతికి ఇచ్చి పంపేవారు, లేదా మనీఆర్డరు చేసేవారు. మనీఆర్డరుకు నూటికి ఐదు రూపాయలు కమిషన్. ఆ ఐదు రూపాయల బాధ తెలిసినవాళ్ళకు, కమిషన్ లేకుండా క్షణంలో ఇంటికి చేరే డబ్బు అంటే ఆశ పుట్టక మానదు. సాల్వడోర్ ప్రభుత్వం చూపిన ఆశా అదే.

2021 సెప్టెంబరు 7 నుంచి అక్కడ బిట్‌కాయిన్ చట్టబద్ధమైన ద్రవ్యం. దుకాణాలు తీసుకోవాలని చట్టం. చీవో అనే ఫోను పర్సు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ 30 డాలర్ల విలువైన నాణెం ఉచితం. జనం పర్సు పెట్టుకున్నారు, ఆ 30 డాలర్లు ఖర్చు చేసుకున్నారు, చాలామంది మళ్ళీ దాన్ని తెరవలేదు. బయట నుంచి వచ్చే డబ్బులో క్రిప్టో దారిలో వచ్చింది 2022 తర్వాత నూటికి రెండు డాలర్లు కూడా లేదు. 2025 జనవరిలో చట్టం మార్చి, తీసుకోవడం దుకాణదారు ఇష్టానికి వదిలేశారు. అక్కడి కూలివాడికి తెలివి లేక వాడలేదని కొందరు రాశారు. మేము ఒప్పుకోము. ఇంట్లో పిల్లల తిండికి పంపే డబ్బు చేరేలోగా తగ్గిపోతుందేమో అని భయపడడం తెలివితక్కువ కాదు.

మరి ఊర్లో ఆయన చెప్పే కాయిన్ల స్కీము? దానికీ బిట్‌కాయిన్‌కూ పేరులో తప్ప చుట్టరికం లేదు. బిట్‌కాయిన్ చిట్టా ఎవరైనా చూడవచ్చు. ఈ స్కీముల్లో నాణెం ఆ కంపెనీ తెర మీద మాత్రమే పెరుగుతుంది. ఇద్దరిని చేర్పిస్తే కమిషన్, వాళ్ళు ఇద్దరిద్దరిని చేర్పిస్తే ఇంకొంత. ఇటువంటి గొలుసు స్కీములను నిషేధించిన చట్టం 1978 నుంచే ఉంది. 2014లో బల్గేరియాకు చెందిన రుజా ఇగ్నతోవా మొదలుపెట్టిన వన్‌కాయిన్‌కు అసలు చిట్టాయే లేదని తర్వాత తేలింది. ప్రపంచమంతటా జనం వందల కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. 2017లో నవీ ముంబయిలో దాన్ని ప్రచారం చేస్తున్నవాళ్ళను పోలీసులు పట్టుకున్నారు. ఆమె ఆ ఏడాదే మాయమైంది. మన పూర్వ విద్యార్థుల్లో ఒకరు ఇటువంటి స్కీము మీటింగుకు పోయి, "ఈ కాయిన్‌తో బయట కొట్టులో ఒక టీ తాగిపించు సార్" అని అడిగాడు. "ఇప్పుడే వాడొద్దు తమ్ముడూ, పెరగనివ్వు" అన్నాడట ఆ పెద్దమనిషి. మావాడు టీ డబ్బులు తానే ఇచ్చి తిరిగి వచ్చాడు.

రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న ప్రయోగంగా మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదుకు కూడా తెచ్చిన డిజిటల్ రూపాయి వేరు. అది ఫోనులో ఉండే మన రూపాయే. విలువ మారదు, వెనుక రిజర్వు బ్యాంకు ఉంది. పేరు విని రెండింటినీ కలపవద్దు.

ఇళ్ళలో అవ్వల పెట్టెల్లోనో, బొడ్డుసంచుల్లోనో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ నాణెం ఇంకా దాచి ఉన్నవాళ్ళు వార్షికోత్సవం రోజు తీసుకురండి. పక్కన కల్దార్ కూడా దొరికితే మరీ మంచిది. రెండూ బల్ల మీద పెట్టి చిన్న తరగతుల పిల్లలకు ఏడు–ఆరు లెక్క చేసి చూపిద్దాము. నాణేలు సాయంత్రం ఎవరివి వాళ్ళకు సంతకం తీసుకుని తిరిగి ఇస్తాము.