మైన్‌క్రాఫ్ట్ మ్యాప్‌లో దారి చూపించేది లైటే

ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతూ సొంతంగా అడ్వెంచర్ మ్యాప్ కడుతున్నారా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే. నెలరోజులు కూర్చుని గుహ, కోట, ట్రాప్‌లు అన్నీ కడతాం. ఫ్రెండ్‌కి ఇస్తే రెండు నిమిషాలు తిరిగి, "ఎటెళ్లాలో తెలీట్లేదురా" అని బయటికొచ్చేస్తాడు. చాలాసార్లు తేడా కట్టడంలో ఉండదు, లైటింగ్‌లో ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. ఈ గేమ్‌లో వెలుగు 0 నుంచి 15 వరకు ఉంటుంది. టార్చ్ 14, లాంతర్ 15, సోల్ టార్చ్ 10, రెడ్‌స్టోన్ టార్చ్ 7. ఒక్కో బ్లాక్ దూరం జరిగేకొద్దీ ఒక్కో లెవెల్ తగ్గుతుంది. 2021లో 1.18 అప్‌డేట్ వచ్చాక, జాంబీల్లాంటివి మామూలు ప్రపంచంలో బ్లాక్ లైట్ 0 ఉన్నచోటే పుడతాయి. అంటే లెవెల్ 1 ఉన్నా చాలు, అవి రావు.

ఇది మనకి చాలా ఉపయోగం. రాక్షసులు రాకూడదని గుహంతా టార్చ్‌లు గుచ్చేస్తే భయమూ పోతుంది, దారీ తెలీదు. అన్నిచోట్లా ఒకే వెలుగుంటే కన్ను దేన్ని పట్టుకోవాలి చెప్పండి?

నేను చేసే పద్ధతి ఇది. చీట్స్ ఆన్ చేసి, కమాండ్‌తో లైట్ బ్లాక్ తెచ్చుకుంటాను. అది కంటికి కనిపించదు, వెలుగు మాత్రం ఇస్తుంది. మూడు బ్లాక్‌ల వెడల్పున్న దారిలో, నేలకి ఆనుకుని మధ్య వరుసలో, 4 లెవెల్ లైట్ బ్లాక్‌ని ప్రతి నాలుగో బ్లాక్‌లో పెడతాను. మూలల్లో కూడా కనీసం 1 ఉంటుంది. దారి చీకటిగానే ఉంటుంది, కానీ శత్రువులు నేను పెట్టినచోటే ఉంటారు. తర్వాత వెళ్లాల్సిన తలుపు దగ్గర మాత్రం ఒకే ఒక్క లాంతర్. ప్లేయర్ కాళ్లు వాటంతటవే అటు వెళ్తాయి.

ఇక ఎఫెక్ట్స్. ఆరుబయట దూరం నుంచి కనిపించాలంటే క్యాంప్‌ఫైర్ పెట్టండి. పొగ దాదాపు 10 బ్లాక్‌ల ఎత్తు లేస్తుంది. కింద గడ్డిమోపు, అంటే హే బేల్ పెడితే 20 దాటుతుంది. కమాండ్ ఒక్కటీ అక్కర్లేదు.

పార్టికల్ కమాండ్‌తో మాత్రం జాగ్రత్త. రిపీట్ కమాండ్ బ్లాక్‌లో డిలే 0 ఉంటే సెకనుకి 20 సార్లు నడుస్తుంది. అలాంటివి పది పెడితే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ వేడెక్కి ఆగి ఆగి నడుస్తుంది. డిలే 20 చేయండి, సెకనుకి ఒక్కసారే వస్తుంది. చాలా ఎఫెక్ట్‌లకి అది సరిపోతుంది.

చివరిగా ఒక పరీక్ష. రాత్రి గదిలో లైటార్పి మ్యాప్ కడితే మనకి అన్నీ కనిపిస్తాయి. అదే మ్యాప్‌ని ఇంకొకడు పగలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆడితే నల్లటి స్క్రీన్ తప్ప ఏం కనిపించదు. అందుకే గేమ్‌లో బ్రైట్‌నెస్ తగ్గించి, ఫోన్ తీసుకుని ఎండలోకి వెళ్లి ఒకసారి ఆడండి. తలుపు కనిపించకపోతే దారంతా వెలిగించకండి, తలుపు దగ్గరే ఇంకో లాంతర్ పెట్టండి.

ఇవాళ మీ మ్యాప్‌లో ఒక్క గదిలో సగం టార్చ్‌లు తీసేసి, మ్యాప్ చూడనివాళ్లతో ఆడించండి. పక్కన కూర్చోండి, నోరు మాత్రం విప్పొద్దు. వాళ్లు అడక్కుండా తలుపు దాకా వెళ్లారంటే మీ లైటింగ్ కరెక్ట్. మళ్లీ కలుద్దాం!