క్వార్టర్ పాతబడితే కూల్చాలా?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న, "అక్కడ క్వార్టర్ దొరుకుతుందా?" అని. ఆ క్వార్టర్ నివాసానికి పనికిరాదని తేల్చేస్తే చదువు మధ్యలో ఇల్లు వెతుక్కోవాలి. రంగత్ లాంటి చిన్న ఊళ్లో అదేమంత తేలిక కాదు. కాబట్టి ఇల్లు ఎలా పాడవుతుందో మనమూ తెలుసుకోవాలి.

అండమాన్‌లో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దానికి తోడు ఉప్పుగాలి. డాబా మీద నీళ్లు పోయే గొట్టానికి ఆకులు అడ్డుపడితే నీరు నిలిచిపోతుంది. అది సన్నని పగుళ్లలోంచి దిగి, ఉప్పును వెంటబెట్టుకుని కాంక్రీటులోని ఇనుప చువ్వలను చేరుతుంది. తుప్పు, తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచే పగులుతుంది. సజ్జ కింద పెచ్చులూడి చువ్వలు కనిపించేసరికి కథ చాలా దూరం వచ్చేసినట్టే. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కా అంతే. రెండాకులప్పుడు వేళ్లతో పీకేయవచ్చు, ఏళ్లు వదిలేస్తే గోడనే పగలగొట్టాలి.

అయినా మరమ్మతు ఉంది. వదులైన కాంక్రీటును చెక్కేసి, చువ్వల తుప్పు గీకి, రక్షణ పూత పూసి, మళ్లీ సిమెంటు మిశ్రమం నింపుతారు. మరక మీద రంగు వేసి దాచడాన్ని మాత్రం మేము మరమ్మతు అనం!

కూల్చి కట్టాలంటే సిమెంటు, ఇనుము ఓడల్లో సముద్రం దాటి రావాలి. పాత ఇంటి శిథిలాలను పోయడానికి ఈ దీవిలో చోటు కావాలి. ఢిల్లీలో సరోజినీ నగర్, నౌరోజీ నగర్ వంటి ఏడు ప్రభుత్వ కాలనీలను కూల్చి కట్టే పథకంలో వేల చెట్లు నరకాల్సి వచ్చింది. 2018లో హైకోర్టు ఆ నరికివేతను ఆపింది.

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం ఇంకో దారి పట్టింది. అక్కడి గ్రాండ్ పార్క్‌లో 1960ల నాటి మూడు భవనాలు, 530 ఇళ్లు. లకాటన్, వసాల్ అనే వాస్తుశిల్పులు వాటిని కూల్చకుండా, ప్రతి ఇంటికీ ముందు గాజు వరండా జోడించారు. పని జరుగుతున్నంతకాలం కుటుంబాలు అక్కడే ఉన్నాయి. ఈ ఇద్దరికీ 2021లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

అన్నీ నిలబెట్టదగినవే అనలేం. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపాన్ని, సునామీని చూసిన దీవులు ఇవి. పునాది, స్తంభాలు బలహీనమైతే ఇంజనీరు మాటే వినాలి. పరీక్షించకముందే కూల్చాలనుకోవడం మీదే మా అభ్యంతరం.

వానాకాలం మేలోనే మొదలవుతుంది కనుక ఏప్రిల్‌లో డాబా చూడండి. ఫిర్యాదు పుస్తకంలో "ఇల్లు కారుతోంది" అని రాసి ఊరుకోకండి. ఏ గది, ఏ మూల, వాన పడ్డప్పుడే కారుతోందా, ఎండల్లోనూ చెమ్మ ఉందా అన్నది రాయండి. వానలో మాత్రమే అయితే పైకప్పును, ఎప్పుడూ ఉంటే నీళ్ల గొట్టాన్ని మేస్త్రీ ముందుగా చూస్తాడు.