పసుపు చొక్కా బరువెంత?

సైకిలంటే మనకు ఏం గుర్తొస్తుంది చెప్పండి? పాలవాడు, పేపరబ్బాయి, ట్యూషన్‌కి పోయే పిల్లలు. అంతే కదా! సైకిలే వృత్తిగా బతికే ఆటగాళ్లు ఉన్నారనీ, వాళ్ల జట్టు నడిచే తీరులో అచ్చం మన ఇళ్ల సంగతే కనిపిస్తుందనీ నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. మా అబ్బాయి టీవీలో ఫ్రాన్సు సైకిల్ పందెం చూస్తుంటే, పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తూ వాణ్ణి అడిగి అడిగి తెలుసుకున్నాను. ఆ ముచ్చటే మీతో చెబుదామని ఇది రాస్తున్నాను.

ఆ పందెం పేరు టూర్ డి ఫ్రాన్స్. 1903లో మొదలైంది. మొత్తం 21 అంచెలు, రోజుకొకటి. మధ్యలో రెండు రోజులే విశ్రాంతి. అంతా కలిపితే సుమారు 3,400 కిలోమీటర్లు. మా గూడూరు నుంచి తిరుపతికి సైకిల్ మీద పోయి, అదే రోజు తిరిగి రావడం ఊహించుకోండి. చాలా రోజులు వాళ్లు తొక్కేది దాదాపు అంత దూరం. పైగా తిరుమల ఘాట్ రోడ్డు లాంటి కొండలు కూడా ఎక్కాలి. అన్ని రోజుల సమయమూ కలిపి, అందరికంటే తక్కువ ఎవరికి వస్తే వాళ్లదే గెలుపు. ముందున్నవాడు ఆ గుర్తుగా పసుపు చొక్కా వేసుకుంటాడు.

ఒక్కడి కోసం ఏడుగురు

ఒక్కో జట్టులో ఎనిమిది మంది. అందులో నాయకుడు సాధారణంగా ఒక్కడే. మిగతా ఏడుగురూ అతని కోసమే తొక్కుతారు. ఎందుకంటారా? వేగంగా పోయేటప్పుడు అసలు శత్రువు ఎదురుగాలి. ముందు ఒకడు గాలికి అడ్డం పడితే, వెనక వచ్చేవాడికి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుందట. అందుకని వీళ్లు వంతులవారీగా ముందుండి గాలి కాస్తారు. వెనక కారు దగ్గరికి పోయి, చొక్కాలో నీళ్ల సీసాలు కుక్కుకుని తెచ్చి అందరికీ పంచుతారు. నాయకుడి చక్రం పాడైతే తమది ఊడదీసి ఇచ్చేస్తారు. వాళ్ల జేబుల్లో తిండి ఏమిటో తెలుసా? మెత్తగా వండిన అన్నంలో చక్కెర, జున్నులాంటి మెత్తటి చీజ్ కలిపి, అదిమి, ముక్కలు కోసి రేకు కాగితంలో చుట్టిన బిళ్లలు. అన్నం మహిమ అక్కడా ఉందన్నమాట!

ఈ సాయం చేసేవాళ్లని ఫ్రెంచి భాషలో 'దొమెస్తిక్' అంటారు. అంటే ఇంటి పనివాడు అని అర్థం. ఆ మాట వినగానే నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగిపోయింది. 1911లో పందెం పెట్టిన పెద్దమనిషి ఒక ఆటగాణ్ణి చులకన చేస్తూ ఆ మాట వాడాడట. ఇప్పుడది గౌరవమైన పేరే. గెలిచినవాడికి వచ్చే 5 లక్షల యూరోలు అతనొక్కడే దాచుకోడు, ఆనవాయితీ ప్రకారం జట్టుకి పంచేస్తాడు.

నాయకుడికి సుఖమేనా?

అట్లయితే నాయకుడు మహారాజే కదా అనుకున్నాను. కాదండీ! మిగతావాళ్లు ఒకరోజు నీరసపడినా ఫరవాలేదు. అతను ఒక్కరోజు తడబడితే చాలు, ఏడుగురి మూడు వారాల కష్టం నీళ్లపాలు. హాలండ్ దేశపు టామ్ డుమొలిన్ 2017లో ఇటలీ పందెం గెలిచిన మొనగాడు. అలాంటివాడు 2021 జనవరిలో, ముప్ఫై ఏళ్ల వయసులో, కొన్నాళ్లు సైకిల్ పక్కన పెడుతున్నానన్నాడు. అందరూ తన నుంచి ఏదో ఆశిస్తుంటే, అసలు తనకేం కావాలో తనకే తెలియకుండా పోయిందట. ఆ నిర్ణయం తీసుకున్నాక భుజాల మీంచి పెద్ద మూట దిగినట్టుందని చెప్పాడు. అదే ఏడాది తిరిగి వచ్చి టోక్యో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చాడు. తర్వాత 2022లో ఆట మానేశాడు.

ఆడవాళ్ల పందెం సంగతీ వినండి. 2024లో డెమి వోలరింగ్ పసుపు చొక్కాతో ఉండగా, ఐదో అంచె చివర్లో పడిపోయింది. లేచి, దెబ్బలతోనే తొక్కింది. అప్పటికి ఒక నిమిషం 47 సెకన్లు పోయాయి. ఆ అంచె గెలిచింది ఆమె జట్టు అమ్మాయే! ఆఖరి రోజు పెద్ద కొండ మీద అందరికంటే ముందు చేరింది వోలరింగే. అయినా 24 గంటలకు పైగా సాగిన పందెం నాలుగంటే నాలుగు సెకన్లతో చేజారింది. పోలండ్ అమ్మాయి నెవియదోమా గెలిచింది. ఆ నాలుగు సెకన్లు ఎక్కడ పోయాయా అని ఆమె ఎన్ని రాత్రులు లెక్క చూసుకుని ఉంటుందో!

సాయం చేసినవాడి వంతు

నాకు బాగా నచ్చింది మాత్రం సెప్ కస్ కథ. అమెరికావాడు. 2023లో ఇటలీ పందెంలో రోగ్లిచ్‌కి, ఫ్రాన్సు పందెంలో వింగెగార్డ్‌కి గాలి కాసి గెలిపించాడు. అదే ఏడాది స్పెయిన్ పందెంలో ఎనిమిదో అంచె నాటికి తనే ముందుకొచ్చి, అక్కడి ఆనవాయితీ ప్రకారం ఎర్ర చొక్కా వేసుకున్నాడు. అయితే ఆంగ్లిరూ అనే నిట్టనిలువు కొండ మీద ఆ ఇద్దరు నాయకులూ ఇతన్ని వదిలి ముందుకు పోయారు. ఆధిక్యం ఎనిమిది సెకన్లకి పడిపోయింది. చూసినవాళ్లంతా ఇదేం న్యాయమన్నారు. ఆ తర్వాత జట్టు మనసు మార్చుకుంది. ఇన్నాళ్లూ సేవ చేయించుకున్న ఆ ఇద్దరూ కస్ పక్కన నిలబడ్డారు. సెప్టెంబర్ 17న మాడ్రిడ్‌లో కస్ గెలిచాడు, వాళ్లు రెండూ మూడూ స్థానాల్లో నిలిచారు.

మన ఇళ్లలో చూడండి. ఇంటర్ చదివే పిల్లాడుంటే వాడే నాయకుడు, మిగతా అందరం దొమెస్తిక్‌లమే. మా వాడు పరీక్షలు రాసిన ఏడాది టీవీ కట్టేశాం. వాళ్ల చెల్లెలి పాట క్లాసు మాన్పించాం. చుట్టాలను రావద్దన్నాం. నేను నాలుగింటికే లేచి పాలు కాచేదాన్ని. ఒక రాత్రి వాడు, "అమ్మా, మీరందరూ ఇట్లా నా కోసం అన్నీ మానుకుంటుంటే, పుస్తకం తెరవాలంటేనే భయమేస్తోందే" అన్నాడు. 'ఇంత చేస్తుంటే ఏం మాటలురా ఇవి' అని కసిరాను. వాడు మారు మాట్లాడలేదు. డుమొలిన్ మూట గురించి విన్నాక గానీ ఆ మాట బరువు నాకు తెలిసి రాలేదు.

సాయం చేయడం తప్పు కాదు. చేసిన సాయాన్ని లెక్కగట్టి పిల్లల వీపు మీద పెట్టడమే తప్పు. గాలికి అడ్డం నిలబడదాం గానీ, నిలబడ్డామని రోజూ గుర్తు చేయొద్దు. ఇన్నాళ్లూ వెనక నీళ్లు మోసిన పిల్లకీ ఒక వంతు రావాలి కదా!

ఈ ఏడు మా అమ్మాయి ఇంటర్ రాస్తోంది. పొద్దున్నే పాల పాకెట్టు తెచ్చేది వాళ్లన్నే. పాట క్లాసు మళ్లీ మొదలైంది. టీవీ మాత్రం కట్టెయ్యలేదు.