రంజాన్ వంటింటికి ప్యాకెట్ల సాయం: పచ్చ గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

మగ్రిబ్ అజాన్‌కు ఇంకా 40 నిమిషాలే ఉంది. ఆఫీసు నుంచి వచ్చిన కోడలు బ్యాగు పక్కన పడేసి నేరుగా వంటింట్లోకి వెళ్లింది. శనగలు నానబెట్టడం పొద్దున ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలకు సమోసాలు కావాలి, అత్తగారికి ఉప్పు తక్కువగా ఉన్నదేదైనా కావాలి. ఫ్రీజర్ తెరిస్తే పోయిన ఆదివారం చుట్టి పెట్టిన ఖీమా సమోసాలు, బఠాణీల ప్యాకెట్, పరోటాలు కనిపించాయి. పక్క అరలో కాబూలీ శనగల డబ్బా, సేమియా, రూహ్ అఫ్జా సీసా ఉన్నాయి. వేళకు దస్తర్‌ఖాన్ నిండింది.

ఇలాంటి సాయంత్రాలు ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. ‘ప్యాకెట్ తిండి’ అని పెద్దవాళ్లు మూతి తిప్పుకున్నా, సహరీకి 3 గంటలకు లేచి, పగలంతా పనిచేసి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్లకు ఆ ప్యాకెట్ ఓ గంట మిగులుస్తుంది. ఆ గంటలో అసర్ నమాజ్ తీరికగా చేసుకోవచ్చు, కాసేపు నడుం వాల్చవచ్చు. కాబట్టి ప్యాకెట్ కొనడంలో తప్పేమీ లేదు. చదవకుండా కొనడం, సరిగా దాచకపోవడం దగ్గరే ఇబ్బంది వస్తుంది.

పాడవకుండా ఎలా ఉంటాయి?

ఆహారాన్ని పాడుచేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఫ్రీజర్, డబ్బా, వంటింటి అర వీటిని మూడు వేర్వేరు పద్ధతుల్లో ఆపుతాయి.

డబ్బాలో ఆహారాన్ని నింపి, గాలి చొరకుండా మూసి, బాగా వేడిచేస్తారు. లోపలి సూక్ష్మజీవులు ఆ వేడికి చనిపోతాయి, బయటివి లోపలికి రాలేవు. ఫ్రాన్స్‌కు చెందిన నికొలా అపేర్ గాజు సీసాలతో ఈ పద్ధతి కనిపెట్టి 1810లో ప్రభుత్వ బహుమతి పొందాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంట్ తీసుకున్నాడు.

ఫ్రీజర్ సంగతి వేరు. మైనస్ 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవులు పెరగవు, కానీ చాలావరకు చావవు. మంచు కరిగి వేడి తగలగానే మళ్లీ మొదలుపెడతాయి.

సేమియా, రవ్వ, పప్పులు, పాలపొడి లాంటివి అరలోనే నిలవ ఉంటాయి. వాటిలో తేమ లేకపోవడమే కారణం. తడి చెంచా పెడితే చాలు, ఆ రక్షణ పోతుంది.

పచ్చ గుర్తుంటే సరిపోతుందా?

మన దేశంలో ప్యాకెట్ ఆహారంపై రెండు గుర్తులు ఉంటాయి. శాకాహారమైతే పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు చతురస్రంలో అదే రంగు త్రికోణం. ఇదివరకు మాంసాహారానికి కూడా చుక్కే ఉండేది. రంగులు గుర్తుపట్టలేనివారికి తేడా తెలియాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల్లో దాన్ని త్రికోణంగా మార్చింది.

పచ్చ గుర్తు ఉంటే మాంసం, చేప, గుడ్డు, జంతు కొవ్వు, జెలటిన్ లేవని అర్థం. పాలు, తేనె, తేనెమైనం, లక్క నుంచి తీసే షెల్లాక్ మాత్రం ఉండవచ్చు, చట్టం వాటిని మాంసాహారంగా లెక్కించదు. ఈ గుర్తుతో ఒక పెద్ద సందేహం తీరిపోతుంది. పదార్థాల జాబితాలో ‘ఎమల్సిఫయర్ 471’ అని చూసి చాలామంది కంగారు పడతారు. 471ను మొక్కల నూనెతోనూ చేస్తారు, జంతు కొవ్వుతోనూ చేస్తారు. పచ్చ గుర్తున్న ప్యాకెట్‌లో అది మొక్కల నుంచి వచ్చిందే అయి ఉండాలి.

అయితే పచ్చ గుర్తు ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పదు. కేకులు, ఐస్‌క్రీముల్లో వాడే కొన్ని ఎసెన్సులను ఆల్కహాల్‌లోనే కరిగిస్తారు. అది జంతువు నుంచి వచ్చింది కాదు కాబట్టి గుర్తు పచ్చగానే ఉంటుంది. దాన్ని పదార్థాల జాబితాలోనే వెతుక్కోవాలి.

త్రికోణం చెప్పేది ఇంకా తక్కువ. గుడ్డు కలిపిన కేకుకూ అదే గుర్తు, చికెన్ నగ్గెట్స్‌కూ అదే, పంది మాంసం సాసేజ్‌కూ అదే. ఏ జంతువు, ఎలా జబహ్ చేశారు అన్నది ఆ గుర్తులో లేదు. మన ఆహార చట్టం ప్రకారం తప్పనిసరిగా వేయాల్సిన ముద్రల్లో హలాల్ ముద్ర లేదు. కోడి, మటన్ ఉన్న ఫ్రోజెన్ ప్యాకెట్ కొంటే హలాల్ ధ్రువీకరణ ఏ సంస్థ ఇచ్చిందో పేరు చూడాలి. ఉత్త ‘హలాల్’ అన్న అక్షరాలు చూసి ఊరుకోకూడదు. నమ్మకం కుదరకపోతే తెలిసిన దుకాణంలో ఖీమా కొట్టించుకుని ఇంట్లోనే కబాబులు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

టిన్ చేపకు జబీహా ప్రశ్న రాదు. దానితో కలిపిన సాస్‌లో ఏముందో చూస్తే చాలు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి బంధువులు తెచ్చే ప్యాకెట్లపై మన గుర్తులు ఉండవు. అక్కడ చదవాల్సింది పదార్థాల జాబితానే. ముఖ్యంగా ఈ పేర్లు చూడాలి:

- జెలటిన్: పంది చర్మం, పశువుల తోలు, ఎముకలు, చేపల నుంచి తీస్తారు. జెల్లీ మిఠాయిలు, మార్ష్‌మాలోల్లో ఉంటుంది.
- ఈ 120: కార్మైన్ అనే ఎర్ర రంగు. ఒక రకం పురుగుల నుంచి వస్తుంది.
- ఈ 471: పైన చెప్పినట్టు రెండు రకాలూ ఉంటాయి.
- ఈ 920: ఎల్-సిస్టీన్. బ్రెడ్ పిండిలో కలుపుతారు. ఈకలు, వెంట్రుకల నుంచి తీసేదీ ఉంది, ఫ్యాక్టరీలో పులియబెట్టి చేసేదీ ఉంది.
- రెన్నెట్: చీజ్ కోసం పాలు విరగ్గొట్టేది. దూడ కడుపు నుంచి తీసింది కావచ్చు, సూక్ష్మజీవుల నుంచి చేసింది కావచ్చు.

వీటిలో కొన్నింటి విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వాట్సాప్‌లో తిరిగే ‘హరామ్ నంబర్ల’ జాబితాను నమ్మి పారేయడమో, ఎందుకొచ్చిందిలే అని తినేయడమో కాకుండా, ప్యాకెట్ ఫొటో తీసి తెలిసిన ఆలిమ్‌ను అడగడం మేలు.

ఫ్రీజర్‌లో పెట్టేవి

ఫ్రోజెన్ బఠాణీలు తాజావాటికి తీసిపోవు. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీళ్లలో ముంచి తీసి, చాలా వేగంగా గడ్డకట్టిస్తారు. వేగంగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, గింజ చితకదు. ఇంటి ఫ్రీజర్‌లో నెమ్మదిగా గడ్డకట్టిన టమాటా కరిగాక మెత్తబడిపోయేది పెద్ద మంచు పలుకుల వల్లే. అది కూరకు పనికొస్తుంది, కచుంబర్‌కు పనికిరాదు.

పరోటాలు, సమోసాలు కరగనివ్వకుండా నేరుగా పెనం మీదికి, నూనెలోకి వేయాలి. కరిగితే పరోటా పొరలు అతుక్కుంటాయి, సమోసా పైపొర తడిసి పగులుతుంది. సమోసాలు మధ్యస్థంగా కాగిన నూనెలో నాలుగైదు చొప్పున వేయించాలి. నూనె మరీ కాగితే పైన ఎర్రబడి లోపల చల్లగా మిగులుతుంది. లోపలి ఖీమా ముందే పూర్తిగా వండి చల్లార్చి పెట్టుకుంటే ఆ భయం ఉండదు.

పచ్చి మాంసం, చికెన్ మాత్రం ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి కింది ఫ్రిజ్‌లోకి మార్చాలి. గట్టు మీద పొద్దున పెట్టి సాయంత్రం వండటం మన ఇళ్లలో అలవాటు. లోపల ఇంకా గడ్డగానే ఉన్నా పైభాగం గంటల తరబడి గది వేడిలో ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్యే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అలా కరిగినదాన్ని మళ్లీ పచ్చిగా ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐస్ అర మైనస్ 18 దాకా వెళ్లకపోవచ్చు. అందులో పెట్టిన ఐస్‌క్రీమ్ మెత్తగా ఉంటే అక్కడ మాంసం నెలల తరబడి దాచకూడదని గుర్తు. కరెంటు పోతే తలుపు తీయకుండా ఉండటమే మందు. నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్‌కు 4 గంటలే. మన ఎండల్లో అంతకంటే తక్కువే అనుకోవాలి.

డబ్బా ఉబ్బితే

కాబూలీ శనగలు, రాజ్మా, స్వీట్‌కార్న్, టిన్ చేప, మిల్క్‌మెయిడ్ లాంటివి నెలల తరబడి బయటే ఉంటాయి. అయితే డబ్బా ఉబ్బినా, అతుకు దగ్గర సొట్టపడినా, కారుతున్నా, తెరవగానే లోపలిది చిమ్మినా పారేయాలి. రుచి చూసి తేల్చుకుందామనుకోకూడదు. బోట్యులిజం కలిగించే విషం తయారైతే వాసన, రుచి మారకుండానే ఉండవచ్చు. కొద్దిగా లోపలికి పోయినా నరాలు చచ్చుబడి ప్రాణం మీదికి వస్తుంది.

తెరిచాక మిగిలినదాన్ని డబ్బాలోనే ఉంచకుండా స్టీలు గిన్నెలోకో గాజు సీసాలోకో మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. శనగలను జల్లెడలో పోసి కడిగితే డబ్బా వాసనతో పాటు కొంత ఉప్పు కూడా పోతుంది.

ఇదే విషం ఇంట్లోనూ పుట్టవచ్చని చాలామందికి తెలియదు. పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద మీద నూనె పోసి బయటే ఉంచుతారు కొందరు. నూనె కింద గాలి ఆడదు. బోట్యులిజం కలిగించే జీవికి కావలసిందీ అదే. ఆ ముద్దను ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. నెలంతా వాడాలంటే ఐస్ ట్రేలో గడ్డకట్టించి ముక్కలుగా దాచుకోవాలి.

ఉప్పు లెక్క

బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉండే ఇంట్లో ప్యాకెట్ వెనక ‘సోడియం’ దగ్గర ఆగాలి. మిల్లీగ్రాముల్లో ఉన్న ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక్క ప్యాకెట్‌తోనే దాదాపు సగం అయిపోయినట్టు. ఆ అంకె 100 గ్రాములకా, ఒక వడ్డనకా అన్నదీ చూడాలి. సహరీలో ఉప్పగా తింటే పగలంతా దాహం కూడా వేధిస్తుంది. నూడుల్స్ తప్పదనుకుంటే మసాలా సగమే వేసి, గుడ్డు, బఠాణీ కలిపితే కాస్త నయం.

ఇంటి చేతి ప్యాకెట్లు

అన్నిటికంటే నమ్మకమైన ఫ్రోజెన్ తిండి ఇంట్లో చేసుకున్నదే. షాబాన్ చివరి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుంటే నెలకు సరిపడా పని తేలుతుంది. శనగలు ఉడకబెట్టి ఒక్కో పూటకు ఒక్కో సంచిలో కట్టవచ్చు. బిర్యానీకి, హలీంకు ఉల్లిపాయ ఎర్రగా వేయించి, నూనె పీల్చి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టవచ్చు. షికంపూర్ కబాబులు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత ఒకే సంచిలో వేస్తే అతుక్కోవు. ప్రతి సంచి మీదా తేదీ రాయాలి. ముందు పెట్టింది ముందు తీయాలి.

ఆ పని కూడా ఒక్కరి మీదే పడితే ఫ్రీజర్ ఉండీ లాభం లేదు. సమోసాలు చుట్టడం పిల్లలకూ వస్తుంది, ఉల్లిపాయలు తరగడం మగవాళ్లకూ వస్తుంది. దుకాణంలో ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదివే పని చదువుకునే పిల్లలకు అప్పగిస్తే మూడు వారాల్లో వాళ్లే ఇంటికి లేబుల్ మాస్టర్లవుతారు.