విద్యుత్తు – హృదయము

1959వ సంవత్సరమున వరంగల్లులో రెండు విద్యాలయములు వెలసినవి. ఒకటి కాకతీయ వైద్య కళాశాల. రెండవది ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల. దీనికి ఆ యేడు అక్టోబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించెను. 2002లో ఇది జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. ఒకచోట గుండెను గూర్చి చదువుదురు. మరియొకచోట విద్యుద్వలయములను గూర్చి చదువుదురు. ఈ రెండింటికిని పొత్తేమి యని తోచవచ్చును. వైద్య కళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక వైద్యశాల వంటి పెద్ద ఆస్పత్రిలో హృద్రోగి మంచము ప్రక్కనుండు యంత్రములను గమనించినచో ఆ పొత్తు బోధపడును.

గుండె తనంత తానే విద్యుత్తును పుట్టించుకొనును. కుడి కర్ణిక పైభాగమునందలి చిన్న కణసమూహము నిమిషమునకు సుమారు డెబ్బది సార్లు విద్యుత్ప్రేరణను పంపును. అది కండరమంతట వ్యాపింపగా గుండె ముడుచుకొని రక్తమును నెట్టును. చర్మము మీదికి వచ్చుసరికి ఆ విద్యుత్తు ఇంచుమించు ఒక మిల్లీవోల్టు మాత్రమే. అనగా టార్చిలైటు బ్యాటరీలో 1500వ వంతు. హాలండు దేశమున లైడెన్ నగరవాసియగు ఐంథోవెన్ ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో దీనిని గీతగా గీయు యంత్రమును నిర్మించి, 1924లో నోబెల్ బహుమానము నందెను. నాటి రోగి తన రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండవలసి యుండెను! నేడు చర్మమునకు అంటించు చిన్న బిళ్లలు చాలును. ట్రాన్సిస్టర్ల కూర్పు ఆ స్వల్ప సంకేతమును వందల రెట్లు పెంచి ఇ.సి.జి. గీతగా చూపును.

గుండె లయను చదువుట ఒక పని. తప్పిన లయను సరిచేయుట మరియొక పని. ఇందు ముఖ్యమైనవి కెపాసిటరు, నిరోధకము. ఓరుగల్లు సీమ పిల్లలకు చెఱువును గూర్చి చెప్పనక్కరలేదు. పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు కాకతీయుల నాటినుండి నీటిని నిలువజేసి తూముల గుండ వదలుచున్నవి. కెపాసిటరు విద్యుదావేశమును నిలువజేయు చెఱువు. నిరోధకము ప్రవాహమును అదుపుచేయు తూము. తూము ఇరుకైనకొలది చెఱువు నిండుటకును, ఖాళీయగుటకును ఎక్కువ కాలము పట్టును.

ఈ కాలమే పేస్‌మేకరునకు ఆధారము. 1950లలో అమెరికాలోని బఫెలో నగరమున విల్సన్ గ్రేట్‌బ్యాచ్ అను ఇంజనీరు గుండె చప్పుడును నమోదుచేయు వలయమును అమర్చుచుండెను. పదివేల ఓముల నిరోధకమునకు బదులు పది లక్షల ఓములదానిని పెట్టెలోనుండి తీసి బిగించెను. మొదటిదానిపై గోధుమ, నలుపు, నారింజ వన్నెల పట్టీలుండును; రెండవదానిపై గోధుమ, నలుపు, ఆకుపచ్చ పట్టీలుండును. పొరపాటు ఎంత సులభమో చూడుడు! ఆ వలయము క్షణకాలము మినుకుమని, ఒక సెకను ఊరకుండి, మరల మినుకుమనసాగెను. అది గుండె లయయని అతడు గ్రహించెను. 1960లో డాక్టరు చార్డాక్ అట్టి పరికరమును రోగి దేహములో అమర్చెను.

ఇక డిఫిబ్రిలేటరు పని వేరు. ఒక్కొక్కప్పుడు గుండె కండరములు కలసి పనిచేయక ఎక్కడికక్కడ వడకును. రక్తము కదలదు. గుండెను అదుముచు కాపాడువారు లేనిచో, ఆలస్యమగు ప్రతి నిమిషమునకు బ్రదుకు అవకాశము నూటికి ఏడు మొదలు పది వంతుల చొప్పున తగ్గును. అప్పుడు కావలసినది తూము కాదు, ఒక్కసారి గట్టు తెగుట. 1947లో క్లీవ్‌లాండు నగరమున డాక్టరు బెక్ ఒక బాలుని తెరచిన రొమ్ములో గుండెకే విద్యుత్తు నిచ్చి బ్రదికించెను. 1962లో డాక్టరు లౌన్ ఇందుకు కెపాసిటరును ఉపయోగించెను. 100 మైక్రోఫారడుల కెపాసిటరును 2000 వోల్టుల వరకు నింపినచో 200 జౌళ్ల శక్తి నిలువయగును. ఇరువది కిలోల బియ్యపు మూటను ఒక మీటరు ఎత్తునకు లేపు శక్తి యంతయే. అది కొన్ని మిల్లీసెకనులలో రొమ్ము గుండ పారును. వడకుచున్న కండరమంతయు ఒక్కసారి నిలిచిపోగా, సహజమైన ప్రేరణ మరల పుట్టుటకు వీలగును.

యంత్రమును ఆపినను కెపాసిటరులో ఆవేశము కొంతసేపు మిగిలియుండును. కావున తెలియనివారు దాని మూత విప్పరాదు. ఆ ఘాతము నిచ్చునపుడు మంచమును ఎవరును తాకరాదని వైద్యుడు బిగ్గరగా చెప్పును. ఇ.సి.జి. తీగలు మాత్రము రోగి దేహమునకు అంటియే యుండును. మిల్లీవోల్టును చదువు ఆ సున్నితపు యంత్రము మీదికి వేల వోల్టులు రాకుండ నిరోధకములు ప్రవాహమును తగ్గించును. డయోడులు మిగిలినదానిని ప్రక్కదారి పట్టించును. కొన్ని సెకనులలోనే తెరపై గీత తిరిగి కనబడును. వైద్యుని చూపు దానిమీదనే యుండును.