ఎయిర్ మార్షల్ ఎక్కడ ఉంటారు?

బరంపురం దగ్గర గోపాల్‌పూర్‌లో శత్రువిమానాలను కూల్చడం నేర్పే కాలేజీ ఉంది కదా, అక్కడ ఎయిర్ మార్షల్ ఉంటారా? మంచి ప్రశ్నే! ఉండరు, ఎందుకంటే అది ఆర్మీ కాలేజీ. ఎయిర్ మార్షల్ వైమానిక దళంలోని పెద్ద హోదా. ఆర్మీలో దానికి సాటి లెఫ్టినెంట్ జనరల్. ఇంకో మెట్టు పైన ఎయిర్ చీఫ్ మార్షల్. హైదరాబాదీ ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978లో ఆ మెట్టెక్కి దళపతి అయ్యారు.

అమెరికాలో మాత్రం విమానంలో ప్రయాణికుల మధ్య మామూలు బట్టల్లో కూర్చునే సాయుధ రక్షకుణ్ణీ ఎయిర్ మార్షల్ అంటారు. పెళ్ళిపందిట్లో కబుర్లాడుతూనే నగలపెట్టె మీద కన్నేసి ఉంచే మేనమామలాగన్నమాట! ఎవరో తెలిస్తే హైజాకర్లు ముందు ఆయన్నే పట్టుకుంటారు. అందుకే యూనిఫాం ఉండదు. మన దేశంలో వీళ్ళు స్కై మార్షల్స్. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేశాక, ఎన్‌ఎస్‌జీ కమాండోలకు ఈ పని అప్పగించారు. విమానమెక్కినప్పుడు వీళ్ళకోసం వెతక్కండి, దొరకరు!