ఆరిన కుంపట్లు

కుంపటి ఆరాక చెయ్యి దగ్గర పెట్టి చూడండి. ఎరుపు కనిపించదు, వేడి మాత్రం తెలుస్తూనే ఉంటుంది. ఆకాశంలోనూ ఇలాంటి కుంపట్లున్నాయి.

కొన్ని గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలం దగ్గర్నుంచి రెండువైపులా ధారలు చిమ్ముతాయి. అవి లక్షల కాంతి సంవత్సరాల దూరం పోయి, మబ్బుల్లా పొంగి, రేడియో అలలు వెదజల్లుతాయి. ఒకనాటికి ఆ చిమ్మడం ఆగిపోతుంది. మబ్బు మాత్రం వెంటనే మాయమవదండీ! అందులో జోరెక్కువున్న ఎలక్ట్రాన్లు, ఒకటో తారీఖునే జీతమంతా ఖర్చుపెట్టే మనిషిలా, ముందు డీలాపడతాయి. వాటితో పొట్టి అలలు పోతాయి. పొడుగు అలలు ఇంకా చాలాకాలం, సన్నగా వస్తూనే ఉంటాయి.

వాటిని పట్టేందుకే మన పుణెకు ఉత్తరాన, ఖోడద్ గ్రామం దగ్గర, గోవింద్ స్వరూప్ గారి పూనికతో 30 పళ్లేలు వెలిశాయి. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. రేకు కాదు, సన్నటి తీగల వల! జల్లెడలో పిండి జారుతుంది గాని శనగలు జారవు గదా, పొడుగు అలలూ అంతే. ఖర్చూ కలిసొచ్చింది.

నెదర్లాండ్స్‌లో కేంద్రమున్న లోఫార్ అనే టెలిస్కోపుతో దొరికిన ఒక ఆరిన గెలాక్సీ వివరాలు 2016లో వెలువడ్డాయి. దాని మబ్బుల పొడవు 20 లక్షల కాంతి సంవత్సరాల పైమాటే! ఎంతకాలం మండింది, ఎప్పుడు ఆరిందన్నది ఆ మిగిలిన అలల్నిబట్టే లెక్కకడతారు. కొన్నిటిలోనైతే పాత మబ్బుల మధ్య కొత్త ధార మళ్లీ రాజుకుంది కూడాను.